ఫోమ్‌బోర్డుతో రేడియో కంట్రోల్ విమానం: కట్టడం, ఎగరేయడం, క్షేమంగా దించడం

రెండు చూపుడు వేళ్ళు రెక్క కింద పెట్టి విమానాన్ని ఎత్తి చూడడం పది సెకన్ల పని. నా మొదటి విమానానికి నేను ఆ పని చేయలేదు. రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని కట్టాను. బ్యాటరీకి రెక్క వెనక ఖాళీ కనిపిస్తే అక్కడే దోపేశాను. చేతిలోంచి వదలగానే ముక్కు నిటారుగా పైకి లేచింది, ఒక్క క్షణం గాల్లో ఆగిపోయింది, మరుక్షణం నేలలో దిగబడింది. మోటారులో లోపం లేదు, రేడియోలో లోపం లేదు. బరువు ఉండాల్సిన చోట లేదు, అంతే. ఆ తర్వాత కట్టిన ప్రతి విమానంలోనూ నాకు తెలిసొచ్చింది ఒకటే: గాల్లో జరగబోయేది చాలా మట్టుకు బల్ల మీదే తేలిపోతుంది. అందుకే ఇక్కడ ఎగరేయడం కన్నా కట్టడానికీ, తూచడానికీ, సరిచూసుకోవడానికీ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఏ విమానం కట్టాలి

మొదటి విమానం చూడ్డానికి ముచ్చటగా ఉండనక్కర్లేదు, నిలకడగా ఎగిరితే చాలు. యుద్ధ విమానాల ఆకారాలు, బాడీ కింద రెక్క ఉన్నవి, రెండు మోటార్లవి తర్వాత చూసుకోవచ్చు. ఇప్పటికి మనక్కావలసింది రెక్క బాడీ పైన కూర్చుని, రెక్క చివరలు కాస్త పైకి లేచి ఉండే విమానం. ఆ లేపును డైహెడ్రల్ అంటారు. విమానం ఒక పక్కకు ఒరిగితే ఆ పక్కకే కొంచెం జారుతుంది. అలా జారేటప్పుడు కిందికి వాలిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి దాన్ని తిరిగి పైకి నెడుతుంది. అంటే మీరు కంగారుపడి చేతిలోని రేడియో స్టిక్కు వదిలేసినా విమానం తనంతట తానే సర్దుకుంటుంది. నేర్చుకునేవాళ్ళకు ఇంతకన్నా పెద్ద అండ లేదు.

దీనికి మూడు చానళ్ళు, అంటే రేడియోతో విడివిడిగా నడిపే మూడు అదుపులు చాలు: థ్రాటిల్ (మోటారు వేగం), ఎలివేటర్ (పడుకోబెట్టిన తోక వెనక కదిలే ముక్క, విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పుతుంది), రడ్డర్ (నిలువు తోక వెనక కదిలే ముక్క). రెక్కల వెనకంచున కదిలి విమానాన్ని ఒరిగించే ఐలరాన్లు పెట్టం. రడ్డర్ ముక్కును పక్కకు తిప్పుతుంది, డైహెడ్రల్ ఆ తిప్పును ఒరుగుగా మారుస్తుంది, విమానం మలుపు తిరుగుతుంది.

నేను చెప్పే కొలతలు ఇవి. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు 1000 మి.మీ., వెడల్పు 180 మి.మీ. పడుకోబెట్టిన తోక 360 × 100 మి.మీ., అంటే రెక్క విస్తీర్ణంలో ఐదో వంతు. నిలువు తోక 150 మి.మీ. ఎత్తు, సగటున 120 మి.మీ. వెడల్పు, అంటే రెక్కలో పదో వంతు. ముక్కు నుంచి రెక్క ముందంచుకు 200 మి.మీ., రెక్క ముందంచు నుంచి తోక ముందంచుకు 470 మి.మీ. మొత్తం పొడవు 770 మి.మీ. ఇంకో సైజులో కట్టాలనుకుంటే అంకెలన్నిటినీ ఒకే లెక్కన పెంచండి లేదా తగ్గించండి. ఒక్కదాన్ని మాత్రం మార్చితే నిలకడ చెడుతుంది. ముఖ్యంగా చూడ్డానికి బాగుంటుందని తోకను చిన్నది చేయకండి.

బరువు లెక్క ముందు, కత్తి తర్వాత

ఎలక్ట్రిక్ విమానాల కథంతా బరువుతో పోరాటమే. 1957లో ఇంగ్లాండులో కర్నల్ టాప్లిన్ ‘రేడియో క్వీన్’ అనే మోడల్‌ను ఎలక్ట్రిక్ మోటారుతో ఎగరేసినప్పుడు వాడింది వెండి-జింకు బ్యాటరీ. మామూలు బ్యాటరీలకు ఆ బరువుతో అంత శక్తి ఇవ్వడం చేతకాదు కాబట్టి. ఇప్పుడు లిథియం పాలిమర్ బ్యాటరీలూ, బ్రష్‌లెస్ మోటార్లూ వచ్చాక ఆ పోరాటం సులువైంది. కానీ అసలు లేకుండా పోలేదు.

మన విమానానికి నేను వేసుకునే లెక్క ఇలా ఉంటుంది. ఫోమ్ మొత్తం సుమారు 245 గ్రాములు, మోటారు 50, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) 25, బ్యాటరీ 105, రెండు సర్వోలు (ఎలివేటర్‌నూ రడ్డర్‌నూ కదిపే చిన్న మోటార్లు) 18, రిసీవర్ (రేడియో సిగ్నల్ అందుకునేది) 10, ప్రొపెల్లర్, తీగలు, చెక్క ముక్కలు కలిపి 25, జిగురు 40. అన్నీ కలిపితే 520 గ్రాములకు దగ్గర. రెక్క విస్తీర్ణం 18 చదరపు డెసీమీటర్లు కాబట్టి చదరపు డెసీమీటరుకు 29 గ్రాములు పడుతుంది. నేర్చుకునే విమానానికి 25 నుంచి 35 మధ్య ఉంటే బాగుంటుంది.

బోర్డు కొనేటప్పుడే తూచండి. 5 మి.మీ. మందం ఉన్న బోర్డులన్నీ ఒక్కలా కనిపిస్తాయి గానీ, తేలికవి చదరపు మీటరుకు 350 గ్రాముల లోపు ఉంటే, బరువైనవి 600 దాటుతాయి. బరువైనది వాడితే ఇదే విమానం 700 గ్రాములకు చేరుతుంది. దానివల్ల ఏమవుతుందో చూడండి. 520 గ్రాముల విమానం సుమారు గంటకు 25 కిలోమీటర్ల వేగం దాకా తగ్గినా గాల్లో నిలుస్తుంది. 700 గ్రాములదానికి 29 కావాలి. తేడా నాలుగే అనిపిస్తుంది, కానీ బరువూ వేగమూ రెండూ పెరిగాయి కనక నేలకు గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బలో ఉండే శక్తి దాదాపు 80 శాతం పెరుగుతుంది. తేలికపాటి విమానం పడితే టేపు వేసి మళ్ళీ ఎగరేస్తాం. బరువైనది పడితే మళ్ళీ కట్టాలి.

సామాను

కాగితం అంటించి ఉండే 5 మి.మీ. ఫోమ్‌బోర్డు, కొత్త బ్లేడ్లు బోలెడన్ని, ఇనుప స్కేలు, హాట్ గ్లూ గన్, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు), ఫైబర్ టేపు, 2 మి.మీ., 3 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు, 1.2 మి.మీ. స్టీలు తీగ, సన్నని చెక్క కడ్డీలు, రబ్బరు బ్యాండ్లు. ఫోమ్ కోసేటప్పుడు బ్లేడు మొద్దుబారితే అంచు చీలికలు చీలికలుగా వస్తుంది. నాలుగైదు పొడుగు కోతలకు ఒకసారి బ్లేడు కొన విరిచేయండి. మామూలు సూపర్ గ్లూ పాలీస్టైరీన్ ఫోమును కరిగించేస్తుంది. ఫోముకు పనికొస్తుందని రాసి ఉన్న రకమే కొనండి.

ఎలక్ట్రానిక్స్‌లోకి వస్తే 2212 సైజు, 1000 కేవీ బ్రష్‌లెస్ మోటారు, 20 లేదా 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, 9×5 ప్రొపెల్లర్ (9 అంగుళాల పొడవు, ఒక చుట్టుకు 5 అంగుళాలు ముందుకు పోయే వాలు), రెండు 9 గ్రాముల సర్వోలు, 3ఎస్ (మూడు సెల్‌లు వరసగా కలిపిన) 1300 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్) లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో కావాలి. రేడియోలో మాత్రం పిసినారితనం వద్దు. విమానాలు పోతాయి, వస్తాయి, మంచి ట్రాన్స్‌మిటర్ మాత్రం ఏళ్ళ తరబడి మీ చేతిలోనే ఉంటుంది.

కేవీ అంటే కిలోవోల్టు కాదు. ఒక్క వోల్టుకు లోడు లేకుండా నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె. 11.1 వోల్టుల మీద 1000 కేవీ మోటారు ఉత్తినే తిరిగితే 11,100 చుట్లు తిరుగుతుంది, ప్రొపెల్లర్ బిగిస్తే అంతకన్నా బాగా తగ్గుతుంది. ఈ జతకు ఫుల్ థ్రాటిల్‌లో 10 ఆంపియర్లకు అటూఇటూగా కరెంటు పోతుంది, అంటే సుమారు 110 వాట్లు. మన బరువుకు కిలోకు 200 వాట్లు పైమాట. నేర్చుకునే విమానానికి 150 ఉన్నా సరిపోయేది. ప్రొపెల్లర్ సైజు పెంచితే కరెంటు చాలా వేగంగా పెరుగుతుంది, కాబట్టి వాట్‌మీటరు పెట్టి చూడకుండా పెద్దది తగిలించకండి.

రెక్క

ఓపిక అంతా ఇక్కడ పెట్టండి. బాడీ వంకరగా వస్తే చూడ్డానికే బాగుండదు. రెక్క మెలి పడితే విమానమే ఎగరదు.

500 × 370 మి.మీ. ముక్కలు రెండు కోయండి. ఒక్కోటి సగం రెక్క. ఒక అంచు నుంచి 180 మి.మీ. దగ్గర నిడివిగా గీత గీయండి. అదే ముందంచు. 180 వైపు రెక్క అడుగు, 190 వైపు పైభాగం. పైభాగం వంపు తిరిగి వస్తుంది కనక ఆ పది మిల్లీమీటర్లు ఎక్కువ. గీత వెంట లోపలి కాగితాన్నీ ఫోమునీ కోయండి, బయటి కాగితం తెగకూడదు. ఎంత లోతుగా దిగాలో మొదట వృథా ముక్క మీద నాలుగుసార్లు కోసి చూస్తే చేతికి తెలుస్తుంది. కాగితం తెగేటప్పుడు బ్లేడు కింద గరుకుగా ఉంటుంది, ఫోములోకి దిగాక మెత్తగా జారుతుంది, అవతలి కాగితం తగలగానే మళ్ళీ గరుకు మొదలవుతుంది. అక్కడ ఆపాలి. కోసిన రెండు అంచుల్నీ ఏటవాలుగా చెక్కి, మడత పడడానికి చోటు చేయండి.

పైభాగం లోపలి వైపు, ముందంచు నుంచి 40, 80 మిల్లీమీటర్ల దగ్గర కాగితం మీద మాత్రం పైపైన గాట్లు పెట్టి, బోర్డును బల్ల అంచుకు ఆనించి మెల్లగా కిందికి లాగుతూ వంపు తెప్పించండి. అడుగుభాగంలో వెనకంచు వైపు చివరి 20 మి.మీ. ఫోమును ఏటవాలుగా చెక్కితే, పైభాగం వచ్చి వాలినప్పుడు వెనకంచు పల్చగా వస్తుంది.

ఇప్పుడు దూలం. 5 మి.మీ. బోర్డు నుంచి 25 మి.మీ. వెడల్పు పట్టీలు రెండు కోసి, ఒకదాని మీద ఒకటి అంటించి, ముందంచు నుంచి 50 మి.మీ. దగ్గర అడుగుభాగం మీద పొడవునా పడుకోబెట్టి అతికించండి. అడుగు 5, దూలం 10, పైన 5 కలిపి రెక్క మందం 20 మి.మీ. వెడల్పులో 11 శాతం. నిదానంగా ఎగిరే విమానానికి సరైన మందం.

మడిచే ముందు జిగురు లేకుండా ఒకసారి మడిచి చూసుకోండి. ఆ తర్వాత దూలం మీదా, వెనకంచు మీదా జిగురు వేసి, మడిచి, చదునైన బల్ల మీద పెట్టి, పైన బరువైన పుస్తకాలు వరసగా పేర్చండి. బల్ల చదునుగా లేకపోతే ఆ వంకర రెక్కలోకి వచ్చేస్తుంది. ఎండాక మిగిలిన అంచు కత్తిరించేయండి. వెనక నుంచి ఒక కన్ను మూసి వెనకంచు వెంట చూడండి. గీత గీసినట్టు ఉండాలి. ఒక చివర లేచి ఇంకో చివర వాలినట్టుంటే హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా వేడి చేసి, మెలికకు ఎదురు తిప్పి, చల్లారేదాకా పట్టుకోండి. మెలి ఉన్న రెక్కను రేడియోలో ట్రిమ్ (స్టిక్కు మధ్య స్థానాన్ని కాస్త జరిపే సర్దుబాటు) వేసి సరిచేద్దాంలే అనుకోవద్దు. ఒక వేగం దగ్గర సరిపోయిన ట్రిమ్ ఇంకో వేగం దగ్గర సరిపోదు.

సగాలు రెండూ కలిపే చోట ఒక్కో ముఖం పై అంచును దాదాపు 2 మి.మీ. లోపలికి ఏటవాలుగా కోయాలి. ఈ కోత పడేదాకా రెండు సగాలూ ఒకటే. కోతతోనే ఒకటి కుడిది, ఒకటి ఎడమది అవుతుంది. బ్లేడు పెట్టే ముందే రెండిటి మీదా పెన్సిల్‌తో కుడి, ఎడమ అని రాసుకోండి. 2 మి.మీ. ప్లైవుడ్‌తో 200 మి.మీ. పొడవు, 9 మి.మీ. ఎత్తు ఉన్న పట్టీ కోయండి, నడిమధ్యలో రెండు పక్కలా 5 డిగ్రీల చొప్పున పైకి లేవాలి. దాన్ని దూలం ముందు ముఖానికి ఆనించి ఎపాక్సీతో రెండు సగాల్లోకీ దూర్చండి. ఒక సగం బల్ల మీద చదునుగా ఉంటే రెండోదాని చివర 87 మి.మీ. ఎత్తున ఉండాలి. ఎపాక్సీ గట్టిపడేదాకా కింద పెట్టెలేవో ఆనించి కదలకుండా ఉంచండి. మర్నాడు అతుకు అడుగున ఫైబర్ టేపు వేయండి. రెక్క పైకి వంగబోయినప్పుడు సాగేది అడుగు వైపే, కాబట్టి టేపు అక్కడే కావాలి.

బాడీ, తోక

బాడీ అంటే పెట్టె. లోపల 60 మి.మీ. వెడల్పు, రెక్క దగ్గర 80 మి.మీ. ఎత్తు, తోక వైపు సన్నబడుతూ పోతుంది. బ్యాటరీ కూర్చునే ముక్కు భాగాన్ని పొడుగ్గా, ఖాళీగా ఉంచండి. తర్వాత బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరుపుకోవడానికి ఆ ఖాళీ కావాలి. రెక్క కూర్చునే గట్టు, తోక కూర్చునే గట్టు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. రెక్క అడుగు చదును, పైన వంపు కాబట్టి విడిగా కోణం ఇవ్వనక్కర్లేదు.

రెక్కను బాడీకి అంటించకండి. గట్టు ముందూ వెనకా ఒక్కో చెక్క కడ్డీ అడ్డంగా దూర్చి, రబ్బరు బ్యాండ్లతో రెండు పక్కలా కట్టండి. విమానం నేలకు తగిలినప్పుడు రెక్క ఊడి పక్కకు పోతుంది, విరగదు. బ్యాండ్లు వెనకంచును నలిపేయకుండా అక్కడ చిన్న చెక్క పుల్లలు అతికించండి.

ఎలివేటర్, రడ్డర్‌కు బోర్డు కాగితమే కీలు. ఎలివేటర్‌కు వెనక నుంచి 30 మి.మీ., రడ్డర్‌కు 45 మి.మీ. దగ్గర గీత గీసి, ఒక వైపు కాగితాన్నీ ఫోమునూ కోసి, అవతలి కాగితాన్ని ఉంచేయండి. కదిలే ముక్క అంచును 45 డిగ్రీల ఏటవాలుగా చెక్కితే అటూ ఇటూ స్వేచ్ఛగా కదులుతుంది. చెక్కకపోతే ఒక వైపు కదిలి, రెండో వైపు బిగుసుకుపోతుంది. తోక అతికించేటప్పుడు రెక్క చివరల నుంచి తోక చివరలకు దారం పెట్టి కొలవండి, రెండు పక్కలా ఒకే కొలత రావాలి. వెనక నుంచి చూస్తే నిలువు తోక నిట్టనిలువుగా ఉండాలి.

మోటారు, సర్వోలు, రేడియో

ముక్కుకు 3 మి.మీ. ప్లైవుడ్ పలక ఎపాక్సీతో బిగించి దాని మీద మోటారు కూర్చోబెట్టండి. మోటారు ముందుకు సూటిగా చూడకూడదు. వెనక నుంచి చూసినప్పుడు 3 డిగ్రీలు కిందికి, 2 డిగ్రీలు కుడికి వాలాలి. థ్రాటిల్ పెంచితే రెక్కకు లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) పెరిగి ముక్కు లేస్తుంది. ప్రొపెల్లర్ గడియారం దిక్కున తిరగడం వల్ల విమానం ఎడమకు లాగుతుంది. ఈ వాలు రెండిటినీ చాలా మట్టుకు కాస్తుంది. స్క్రూల కింద వాషర్లు పెడితే కోణం సులువుగా వస్తుంది.

ఇక్కడి నుంచి మైదానంలో ఎగరేసే క్షణం దాకా ప్రొపెల్లర్ విడిగా, పెట్టెలో ఉండాలి. ఈ మాట నేను ప్రతి ఒక్కరికీ గట్టిగా చెబుతాను. ఈ సైజు ప్రొపెల్లర్ వేలిని ఎముక దాకా కోసేయగలదు. బల్ల మీద రేడియో సెట్ చేస్తున్నప్పుడు మోటారు అనుకోకుండా తిరగడం అరుదైన సంగతి కాదు.

మోటారు తప్పు దిక్కున తిరిగితే ఈఎస్‌సీ నుంచి వచ్చే మూడు తీగల్లో ఏ రెండింటినైనా అటుదిటు మార్చండి, చాలు. ఈఎస్‌సీలో ఉండే బీఈసీ సర్వోలకూ రిసీవర్‌కూ 5 వోల్టులు ఇస్తుంది, వేరే బ్యాటరీ అక్కర్లేదు.

సర్వోకు ముందు కరెంటిచ్చి, స్టిక్కులు మధ్యలో ఉంచి, ఆ తర్వాతే దాని మీద తిరిగే చిన్న చెయ్యి తగిలించండి. ఎలివేటర్, రడ్డర్‌లకు పోయే స్టీలు తీగకు అది సరిగ్గా 90 డిగ్రీలు ఉండాలి. హార్న్ (ఎలివేటర్, రడ్డర్ మీద అతికించి తీగ తగిలించే చిన్న కొమ్ము) రంధ్రాలు కీలు గీతకు సరిగ్గా పైన రావాలి. తీగను సర్వో చేతికి లోపలి రంధ్రంలోనూ, హార్న్‌కు బయటి రంధ్రంలోనూ తగిలిస్తే కదలిక తగ్గి, చేతికి అదుపు దొరుకుతుంది. మొదట్లో ఎలివేటర్ పైకీ కిందికీ 10 మి.మీ., రడ్డర్ అటూ ఇటూ 25 డిగ్రీలు చాలు. ఎక్స్‌పో (స్టిక్కు మధ్య దగ్గర కదలికను మెత్తబరిచే సెట్టింగు) 30 శాతం పెట్టుకోండి.

రడ్డర్ సర్వోను రిసీవర్‌లో ఐలరాన్ చానల్‌కు గుచ్చండి. మోడ్ 2 రేడియోలో (థ్రాటిల్ ఎడమ స్టిక్కు మీద ఉండే అమరిక) కుడి స్టిక్కు అప్పుడు ఎలివేటర్, మలుపు రెండూ చూసుకుంటుంది. రేపు ఐలరాన్ల విమానానికి మారినా మీ కుడిచేతి అలవాటు మారక్కర్లేదు.

ఫెయిల్‌సేఫ్ పెట్టడం మరవద్దు. సిగ్నల్ పోతే థ్రాటిల్ సున్నాకు పడాలి. ప్రొపెల్లర్ లేకుండా ట్రాన్స్‌మిటర్ ఆపేసి, మోటారు నిజంగానే ఆగుతుందో లేదో కళ్ళారా చూడండి.

బ్యాటరీ

ఒక్కో సెల్‌కు నిండా 4.2 వోల్టులు, అంటే 3ఎస్‌కు 12.6. ఎగరేశాక విశ్రాంతిలో 3.6, 3.7 మధ్య ఉండేలా దించేయండి. 3 వోల్టుల కిందికి పోతే సెల్ పాడవుతుంది. ఛార్జింగ్ 1సీ రేటుకే (బ్యాటరీ సామర్థ్యం ఎంతో అంత కరెంటు), 1300 ఎంఏహెచ్‌కు 1.3 ఆంపియర్లు. సెల్‌లన్నిటినీ సమంగా నింపించే బ్యాలెన్స్ తీగ ఎప్పుడూ గుచ్చే ఉండాలి. మంట అంటుకోని చోట పెట్టి, మీరు దగ్గరుండి ఛార్జ్ చేయండి, నిద్రపోయేటప్పుడు వద్దు. రెండు మూడు రోజులు ఎగరేయకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచండి. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ ఛార్జ్ చేయకండి.

సీజీ (బరువు కేంద్రం) సరిచూడడం

మొదట్లో చెప్పిన పది సెకన్ల పని ఇదే. ప్రొపెల్లర్ తప్ప, బ్యాటరీతో సహా అన్నీ బిగించాక, ముందంచు నుంచి 50 మి.మీ. వెనక, బాడీకి రెండు పక్కలా రెక్క అడుగున పెన్సిల్ చుక్కలు పెట్టండి. ఆ చుక్కల కింద వేళ్ళు పెట్టి ఎత్తండి. విమానం చదునుగా, లేదా ముక్కు ఒక పిసరు కిందికి వాలి నిలవాలి. తోక దిగితే బ్యాటరీని ముందుకు జరపండి. ముక్కు మరీ వాలితే వెనక్కి. 45 నుంచి 60 మి.మీ. మధ్య ఎక్కడున్నా ఎగురుతుంది గానీ, మొదటిసారికి 50 దాటి వెనక్కి పోవద్దు. కుదిరిన చోట బ్యాటరీ ముందు, వెనక బాడీ గోడ మీద మార్కర్‌తో గీతలు పెట్టండి. ప్రతిసారీ బ్యాటరీ ఆ గీతల మధ్యే కూర్చోవాలి.

బ్యాటరీ ముక్కు చివరిదాకా జరిపినా తోక దిగుతూనే ఉంటే ముక్కుకు బరువు కట్టక తప్పదు. అప్పుడు ఒకసారి తోక వైపు చూడండి. అక్కడ తగ్గించే ప్రతి గ్రాముకూ ముక్కులో రెండు మూడు గ్రాములు మిగులుతాయి. తోకకు పూసిన రంగు, ఎక్కువైన జిగురు ముందు తీసేయండి.

మైదానానికి బయల్దేరే ముందు

కంప్యూటర్ సిమ్యులేటర్‌కు మీ ట్రాన్స్‌మిటర్‌నే తగిలించి కనీసం ఐదారు గంటలు ఎగరేయండి. విమానం మీ వైపుకు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారైనట్టు అనిపిస్తుంది. మెదడు దానికి అలవాటు పడడానికి ఆ గంటలే మందు. నాకు పనికొచ్చిన చిట్కా: ఎదురుగా వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకే స్టిక్కు తొయ్యండి, వాలిన రెక్క కింద ఆసరా పెట్టినట్టు. ఆలోచించే పనిలేకుండా విమానం సర్దుకుంటుంది.

కనీసం 100 మీటర్ల మేర మనుషులు, రోడ్లు, కరెంటు తీగలు లేని చోటు కావాలి. విమానాశ్రయానికి దూరంగా ఉండాలి. చాలా దేశాల్లో ఎత్తుకు 120 మీటర్ల పరిమితి ఉంది, 250 గ్రాములు దాటిన వాటికి రిజిస్ట్రేషన్ అడిగే దేశాలూ ఉన్నాయి. మీరున్న చోటి నిబంధనలు ముందే చదువుకోండి. గాలి గంటకు 10 కిలోమీటర్లు దాటని రోజు చూసుకోండి. తెల్లవారిన కాసేపటికి సాధారణంగా గాలి నెమ్మదిగా ఉంటుంది.

అక్కడికి చేరాక, ఇదే వరసలో:

1. ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్, తర్వాత విమానం. దించాక ముందు విమానం, తర్వాత ట్రాన్స్‌మిటర్ ఆఫ్.
2. బ్యాటరీ వోల్టేజీ చూడండి. గీతల మధ్య కూర్చుందో లేదో చూడండి.
3. విమానం వెనక నిలబడండి. స్టిక్కు మీ వైపుకు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. కుడికి తోస్తే రడ్డర్ కుడికి పోవాలి. ముందు నిలబడి చూస్తే పొరబడతారు.
4. ట్రాన్స్‌మిటర్‌ను రేంజ్ చెక్‌లో (సిగ్నల్ బలం కావాలని తగ్గించే సెట్టింగు) పెట్టి ముప్పై అంగలు వెనక్కి నడవండి. సర్వోలు వణకకూడదు. యాంటెన్నా కొనను విమానం వైపు గురిపెట్టకండి, కొన దిక్కున సిగ్నల్ అన్నిటికన్నా బలహీనం.
5. బ్యాటరీ తీగ తీసి, ప్రొపెల్లర్ బిగించి, మళ్ళీ గుచ్చండి. దాని మీద అచ్చుపడిన అంకెలు విమానం వెళ్ళే దిక్కుకు ఉండాలి.

మూడో అంశం రోజుకొకసారి కాదు, ప్రతి బ్యాటరీకీ చేయండి.

మొదటిసారి

ముందు మోటారు తిప్పకుండా, ఎత్తయిన గడ్డి మీద, గాలికి ఎదురుగా, చదునుగా బాణంలా విసరండి. పైకి విసిరితే ఏమీ తెలియదు. పది పన్నెండు మీటర్లు నున్నగా జారి దిగితే మంచిది. ముక్కు లేచి, ఆగి, పడితే సీజీ వెనక్కి ఉంది, లేదా ఎలివేటర్ పైకి ఉంది. గబుక్కున దిగిపోతే అందుకు ఉల్టా. ఇది కుదిరేదాకా మోటారు జోలికి వెళ్ళకండి.

కుదిరాక, విసరడానికి తోడు ఎవరినైనా పిలవండి. మీ చేతులు రెండూ స్టిక్కుల మీదే ఉండాలి. మూడొంతుల థ్రాటిల్ ఇచ్చి, గాలికి ఎదురుగా, చదునుగా విసరమనండి. మొదటి రెండు సెకన్లు ఎలివేటర్ లాగాలనిపిస్తుంది, లాగకండి. వేగం అందుకున్నాక చిన్నగా, నిలకడగా పైకి తీసుకెళ్ళండి. 30 మీటర్ల ఎత్తుకు చేరేదాకా మలుపు వద్దు. ఆ ఎత్తులో తప్పు చేసినా దిద్దుకునే వ్యవధి ఉంటుంది. పది మీటర్ల దగ్గర ఉండదు.

పైకి చేరాక థ్రాటిల్ సగానికి తగ్గించి, స్టిక్కులు వదిలి చూడండి. ఎటు లాగుతోందో అటుకు ఎదురు ట్రిమ్ ఒక్కో నొక్కు వేయండి. మలుపు కావాలంటే రడ్డర్ కొంచెం, ఎలివేటర్ పిసరంత పైకి. ఒరిగిన రెక్క పూర్తి బరువు మోయలేదు, ఆ లోటును ఎలివేటర్ తీర్చాలి. వెడల్పాటి మలుపులు తిప్పుతూ విమానాన్ని గాలి వచ్చే వైపే ఉంచండి, అది మిమ్మల్ని దాటి గాలి వాలుకు కొట్టుకుపోతే తిరిగి తెచ్చుకోవడం కష్టం. సూర్యుడు మీ వెనక ఉంటే కళ్ళకూ సుఖం. విమానం ఎటు తిరిగి ఉందో తెలియకుండా పోతే థ్రాటిల్ తగ్గించి స్టిక్కులు వదిలేయండి. డైహెడ్రల్ తన పని తాను చేస్తుంది.

అదే ఎత్తులో స్టాల్, అంటే వేగం చాలక రెక్క విమానాన్ని మోయలేకపోయే స్థితి, తెప్పించి చూడండి. థ్రాటిల్ తగ్గించి, ఎలివేటర్ మెల్లగా లాగుతూ పొండి. విమానం నిదానించి, మెత్తబడి, ముక్కు దించేస్తుంది. స్టిక్కు వదిలితే వేగం అందుకుని తేరుకుంటుంది. ఎన్ని మీటర్లు దిగిందో గుర్తుపెట్టుకోండి. నేలకు అంతకన్నా దగ్గరలో ఎప్పుడూ నిదానించకూడదని మీకు లెక్క దొరికినట్టే.

రెండు మూడు సార్లు ఎగరేశాక సీజీని గాల్లో పరీక్షించవచ్చు. మంచి ఎత్తు నుంచి మోటారు ఆపి, 45 డిగ్రీల వాలులో దింపి, స్టిక్కు వదలండి. మెల్లగా తనంతట తాను ముక్కు ఎత్తితే బాగుంది. గబుక్కున ఎత్తితే ముక్కు బరువు, ఐదు మి.మీ. వెనక్కి జరపండి. ఇంకా కిందికి కుంగితే వెంటనే లాగి దించేసి, బ్యాటరీని ముందుకు జరపండి.

దించడం

నాలుగు నిమిషాల దగ్గర మొదటిసారి దించేయండి, బ్యాటరీ మిగిలుండగానే. గాలికి ఎదురుగా రండి. దిగేటప్పుడు థ్రాటిల్ ఎత్తును, ఎలివేటర్ వేగాన్ని చూసుకుంటాయని గుర్తుపెట్టుకుంటే చాలు. దూరం సరిపోదనిపిస్తే ఎలివేటర్ లాగకండి, కాస్త థ్రాటిల్ ఇవ్వండి. ఎలివేటర్ లాగి విమానాన్ని సాగదీయబోవడమే ఎక్కువ విమానాలు విరగడానికి కారణం. దారి వంకరగా ఉంటే థ్రాటిల్ ఇచ్చి మళ్ళీ ఒక చుట్టు తిరిగి రండి, బ్యాటరీ మిగిల్చుకున్నది అందుకే. మోకాలి ఎత్తుకు దిగాక థ్రాటిల్ పూర్తిగా ఆపి, ఎలివేటర్ మెల్లగా లాగి పట్టుకోండి. గడ్డి మీద సర్రున జారి ఆగుతుంది.

పడిపోతే పరుగెత్తే ముందు థ్రాటిల్ సున్నా చేయండి. మొదట బ్యాటరీ పీకండి. అది నలిగినా, ఉబ్బినా, వేడెక్కినా మంట అంటుకోని చోట అరగంట విడిగా ఉంచి కనిపెట్టండి. మోటారు ఇరుసు వంగిందేమో వేలితో తిప్పి చూడండి. ప్రొపెల్లర్‌లో గీతంత బీట కనిపించినా పారేయండి. ఫోము విరిగితే ముక్కలు ఒకదానిలో ఒకటి మళ్ళీ అమరుతాయి. హాట్ గ్లూ వేసి, పైన టేపు పరిచి, సీజీ మళ్ళీ చూసుకోండి. మరమ్మతు జిగురు కూడా బరువే.

ఇంటికొచ్చాక ఛార్జర్ ఎంత నింపిందో రాసిపెట్టుకోండి. ఆరు నిమిషాలు ఎగరేస్తే 700 ఎంఏహెచ్ నింపిందనుకుందాం, నిమిషానికి దాదాపు 117. బ్యాటరీలో 80 శాతం, అంటే 1040 దాకా వాడొచ్చు కాబట్టి తొమ్మిది నిమిషాల లోపు. ట్రాన్స్‌మిటర్‌లో టైమర్ ఎనిమిది నిమిషాలకు పెట్టండి. బ్యాటరీ పాతబడే కొద్దీ ఈ లెక్క మారుతుంది, నెలకొకసారి మళ్ళీ చూడండి.